అడుగులకు బహుమతులు: ఆఫీసుల్లో అపోహలు - వాస్తవాలు

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో ఉద్యోగుల చేత నాలుగడుగులు వేయించడం నా వృత్తి. స్టెప్ ఛాలెంజ్ (ఎవరెన్ని అడుగులు నడిచారో యాప్‌లో లెక్కపెట్టి పాయింట్లు, బహుమతులు ఇచ్చే పోటీ) అనగానే హెచ్‌ఆర్ వాళ్లు ముందు బహుమతి ఎంత పెట్టాలని అడుగుతారు. నేను ముందు చూసేది అది ఎవరి చేతికి వెళ్తుందని.

అపోహ: బహుమతి పెద్దదైతే జనం ఎక్కువ నడుస్తారు.

మొదటి ర్యాంకుకు ఐఫోన్ అంటే అది ఎవరికి దక్కుతుందో ఫ్లోరంతటికీ ముందే తెలుసు: కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో పొద్దున్నే పరుగులు తీసే ఆ ఒకరిద్దరికే. మీటింగు మీద మీటింగుతో కుర్చీకి అతుక్కుపోయినవాళ్లు రెండో వారానికే లీడర్‌బోర్డు తెరవడం మానేస్తారు. నేను లేపాల్సింది వాళ్లనే.

ఎంత ఇచ్చామన్నదాని కన్నా ఎలా ఇచ్చామన్నది ముఖ్యం. 2016లో వెలువడిన పెన్సిల్వేనియా యూనివర్సిటీ అధ్యయనంలో 281 మంది ఉద్యోగులకు రోజుకు 7,000 అడుగుల లక్ష్యం పెట్టారు. డబ్బులేమీ ఇవ్వనివాళ్లు 30 శాతం రోజుల్లో దాన్ని అందుకున్నారు. అందుకున్న రోజుకు 1.40 డాలర్లు ఇస్తే 35 శాతం. నెల మొదట్లోనే 42 డాలర్లు ఖాతాలో వేసి, తప్పిన రోజుకు అదే 1.40 కోసేస్తే 45 శాతం. చేతికొచ్చింది పోతుంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. ఈ పద్ధతి పెడితే కూపన్లతోనే పెట్టండి, జీతం జోలికి మాత్రం పోవద్దు.

అపోహ: పదివేల అడుగులు వేయకపోతే లెక్కలోకి రాదు.

ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. మూడు వేలు దాటని మనిషికి ముందు నాలుగున్నర వేలు లక్ష్యం పెట్టండి.

అపోహ: ఒక్కరోజు తప్పినా పాయింట్లు సున్నా చేస్తేనే దారిలో ఉంటారు.

సాఫ్ట్‌వేర్ రిలీజ్ వారం వస్తుంది, ఇంట్లో పెళ్లి వస్తుంది, వానకు రోడ్డంతా చెరువవుతుంది. సున్నా చూసిన మనిషి ఇక యాప్ ముట్టుకోడు. అమెరికాలో 61,000 మందికి పైగా జిమ్ సభ్యుల మీద 54 రకాల పథకాలు పరీక్షించారు, ఫలితాలు 2021లో వచ్చాయి. అన్నిటికన్నా బాగా పనిచేసింది, మానేసినవాళ్లు తిరిగొచ్చిన రోజున ఇచ్చిన కాసిని అదనపు పాయింట్లే. నా పథకాల్లో ఈ నియమం తప్పకుండా ఉంటుంది.

అపోహ: ఆర్నెల్లు డబ్బిస్తే అలవాటైపోతుంది.

సింగపూర్‌లో 13 సంస్థల్లోని 800 మందితో చేసి చూశారు. నగదు ఇచ్చినన్నాళ్లూ నడిచారు, ఆపాక ఆ పెరిగిన నడక నిలవలేదు. అందుకే డబ్బు నడిచే నెలల్లోనే ఆఫీసును మార్చాలి. మెట్ల దారి తలుపు తెరిపించండి, మాడిపోయిన బల్బులు వేయించండి, ప్రతి మలుపులో అంతస్తు నంబరు పెద్దగా రాయించండి. లంచ్ తర్వాత టీమ్ లీడే ముందు లేవాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బయట నడవమనకండి, కారిడార్లు చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ కారిడార్ నడకకే మెట్లెక్కినన్ని పాయింట్లు వేయండి.