చీతా చందాల వివాదం: మూలం నమీబియా మేకల దొడ్లలో

గుంటూరు బ్రాడీపేటలో కొందరు విద్యార్థులు చీతాల కోసం చందాలు పోగుచేయడంపై గొడవ మళ్లీ రాజుకుంది. ఈసారి నిప్పు పెట్టింది ఒక కరపత్రం. నమీబియాలో చీతాల రక్షణకు పనిచేసే క్షేత్ర కేంద్రానికి సాయం అడుగుతూ, పైన పెద్ద అక్షరాలతో 'చిరుతలను కాపాడుకుందాం' అని అచ్చువేశారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టనపెట్టుకున్న సంగతి ఎవరు మరిచిపోతారు? పిల్లలను ఎత్తుకుపోయే జంతువుకు చందాలేమిటని జనం మండిపడ్డారు.

ఆ కోపం న్యాయమైనదే, కానీ జంతువు వేరు. చిరుతపులి ఒంటిమీద మచ్చలు రేకులు విచ్చిన పూలలా ఉంటాయి. చీతావి నిండు నల్లచుక్కలు, కంటికొస నుంచి నోటిదాకా కన్నీటి చారలాంటి గీత. మన దేశంలో చీతా వల్ల మనిషి చనిపోయినట్లు నమోదైన ఉదంతం ఒక్కటే: 1880లో విశాఖపట్నంలో గవర్నర్ ఏజెంటు ఒ.బి. ఇర్విన్ మరణం. అది కూడా అడవి చీతా కాదు, విజయనగరం రాజావారు వేటకోసం పెంచుకున్నది.

మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కుకు చీతాలు వచ్చిన కథ అందరూ చదివిందే. చందాల గొడవ అర్థం కావాలంటే చూడవలసింది 1994 నాటి నమీబియాను.

అంతకుముందు అక్కడి పశువుల పెంపకందారులకు చీతా అంటే దొంగ. చీతాలు వాసన గుర్తులు వదలడానికి పదేపదే వచ్చే చెట్లు కొన్ని ఉంటాయి. అలాంటి చెట్టు చుట్టూ ముళ్లకంప గట్టిగా పేర్చి, ఒక్కచోట మాత్రం సందు వదిలి, అక్కడ ఇనుప బోను పెట్టేవారు. ఎర కూడా అక్కర్లేదు. చెట్టు దగ్గరికి పోవాలన్న ఆత్రంతో చీతా తనంతట తానే బోనులోకి నడిచేది. ఒకటి పోతే మరొకటి. 1980లలో ఇలా వేల చీతాలు పోయాయి.

1990లో లారీ మార్కర్ స్థాపించిన చీతా కన్జర్వేషన్ ఫండ్ 1994లో ఆ దొడ్లలోకి టర్కీ జాతి కాపలా కుక్కలను పంపింది. రెండు నెలల కూనను తెచ్చి మేకల మధ్య వదులుతారు. వాటి వాసనలోనే పెరుగుతుంది, వాటిని ఆనుకునే పడుకుంటుంది, మందే తన కుటుంబమనుకుంటుంది. చీతా కనబడితే అడ్డంగా నిలబడి మొరుగుతుంది. అంతే చాలు. చీతాది పరుగు కోసం పుట్టిన సన్నని ఒళ్లు, కాలు కుంటితే ఇక వేట లేదు. అందుకే కొట్లాటకు దిగకుండా తప్పుకుంటుంది. మేకల నష్టం తగ్గినచోట బోనులూ తగ్గాయి.

అడవి చీతాలు ప్రపంచం మొత్తంమీద సుమారు 7,100 అని 2016లో వెలువడిన అధ్యయనం అంచనా. వాటి ఆవాసంలో 77 శాతం రక్షిత అడవుల బయటే ఉంది. కాబట్టి కంచె కట్టి కాపాడటం కుదరదు, కాపరి మనసు గెలవాలి. చందాలడిగే పిల్లల వాదన ఇదే. కుక్కను ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. టీకాలు వేయాలి, తిండి చూడాలి, దొడ్డి దొడ్డికీ తిరిగి అది మందను వదిలి తిరుగుతోందేమో కనిపెట్టాలి. ఇదంతా ఏళ్లతరబడి సాగాలంటే ఆ పల్లెల మధ్యే ఒక క్షేత్ర కేంద్రం ఉండాలి.

మన డబ్బు మన అడవికే ఖర్చుపెట్టాలని, నల్లమల పులులూ కృష్ణా ముఖద్వారం మడ అడవుల్లోని నీటిపిల్లులూ ముందని అభ్యంతరపెడుతున్నవారు అంటున్నారు. కాపలా కుక్కలనే నల్లమల అంచు పల్లెలకు ఇవ్వవచ్చు కదా అని కూడా అడుగుతున్నారు. అయితే చిరుతకు కుక్క అంటే బెదురు కాదు, ఆహారం. ఊరకుక్కలను అది ఎత్తుకుపోవడం ఆ పల్లెలవారు ఎరిగినదే.

విద్యార్థులు కరపత్రాలను వెనక్కి తీసుకున్నారు. కొత్తవాటిమీద 'చీతా' అని వేయించి, పక్కన కన్నీటి చారల ముఖం బొమ్మ పెట్టారు. చిరుత కోసమనుకుని ఇచ్చినవారు రసీదు చూపితే డబ్బు తిరిగి ఇస్తామని ఇంటింటికీ వెళ్లి చెబుతున్నారు.