సస్పెన్షన్ లిఫ్ట్ కొనే ముందు: అపోహలు - వాస్తవాలు

ఆఫ్‌రోడ్ బండి తీసుకుని సస్పెన్షన్ లిఫ్ట్ కోసం, అంటే స్ప్రింగులు వగైరా మార్చి బండిని ఎత్తు చేయించుకోవడానికి, షెడ్డుకు వచ్చేవాళ్లు దాదాపు అందరూ ముందు అడిగేది ఒకటే: "ఎన్ని అంగుళాలు లేపొచ్చు?" నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. బండి మీద ఎప్పుడూ ఉండే బరువెంత? వెయ్యబోయే టైరు సైజెంత? ఈ రెండూ తేలితే ఎత్తు సంగతి చాలావరకు దానంతటదే తేలిపోతుంది. అవి తేల్చుకోకుండా లిఫ్ట్ కిట్ కొనేసి వచ్చినవాళ్ల నోట తరచూ వినిపించే మాటలు ఇవి.

అపోహ: 2 అంగుళాల కిట్ వేస్తే గ్రౌండ్ క్లియరెన్స్ 2 అంగుళాలు పెరుగుతుంది.

సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) ఉన్న బండిలో నేలకు బాగా దగ్గరగా ఉండేది సాధారణంగా డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల డబ్బా) అడుగుభాగం. స్ప్రింగు కూర్చునేది ఆ యాక్సిల్ మీదే. ఎంత పొడుగు స్ప్రింగు పెట్టినా పైకి లేచేది ఛాసిస్ (బండి అడుగు ఫ్రేము), బాడీ. డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన సైజులో సగం. 29 అంగుళాల టైరు తీసి 31 వేస్తే కలిసొచ్చేది ఒక్క అంగుళం.

మరి లిఫ్ట్ దేనికంటే, ఆ పెద్ద టైరుకు చోటివ్వడానికి, గట్టు ఎక్కి దిగేటప్పుడు బంపర్లు, మధ్యలో ఛాసిస్ నేలకు గీసుకోకుండా ఉండటానికి. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది) ఉంటే అక్కడి డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి అది కూడా లేస్తుంది. కానీ చక్రం కిందే ఉండిపోవడంతో డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే యాక్సిల్ షాఫ్టుల వాలు పెరిగి, జాయింట్లు, వాటి రబ్బరు బూట్లు త్వరగా పోతాయి. ఆ వాలు తగ్గించడానికని డిఫరెన్షియల్‌ను కిందికి దించే బ్రాకెట్లు అమ్ముతారు. వాటితో డబ్బు పెట్టి సంపాదించిన ఎత్తులో కొంత తిరిగి ఇచ్చేసినట్టే.

బాడీ లిఫ్ట్ అయితే ఇంకా తేలిక లెక్క: ఛాసిస్ మీద బాడీ లేస్తుంది, ఛాసిస్ లేవదు.

అపోహ: గట్టి స్ప్రింగు వేస్తే ఎత్తుకు ఎత్తు, బలానికి బలం.

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. స్ప్రింగుకు రెండు వేరువేరు లక్షణాలు ఉంటాయి. ఒకటి బరువు లేనప్పుడు దాని పొడవు. రెండోది రేటు, అంటే ఒక మిల్లీమీటరు కుంగడానికి ఎంత బరువు కావాలన్నది. ఎత్తు ఈ రెండింటితో పాటు మీ బండి బరువు మీద కూడా ఆధారపడుతుంది.

యాక్సిల్ మీదే నేరుగా కూర్చునే కాయిల్ స్ప్రింగు తీసుకుందాం. రేటు మిల్లీమీటరుకు 3 కిలోలు అనుకోండి. స్టీల్ బంపర్, వించ్ బిగించాక ఒక్కో ముందు స్ప్రింగు మీద 45 కిలోలు అదనంగా పడితే ముందు భాగం 15 మిల్లీమీటర్లు దిగుతుంది. 40 మిల్లీమీటర్ల లిఫ్ట్ అని కొన్నది 25 దగ్గర ఆగుతుంది. "కిట్ మోసం" అని అమ్మినవాడిని తిట్టుకుంటారు గానీ, డబ్బా మీద రాసిన ఎత్తు ఏ బరువుకు చెప్పారో కొనేటప్పుడు అడిగినవాళ్లు తక్కువ.

దీనికి తిరగేసిన కేసూ ఉంది. ఎప్పుడో ఏడాదికోసారి వెళ్లే లాంగ్ ట్రిప్ కోసం హెవీ లోడ్ స్ప్రింగులు వేసి, మిగతా రోజులంతా ఖాళీ బండి నడుపుతారు. అలాంటి బండి చెప్పినదానికంటే ఎత్తుగా నిలబడుతుంది, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరిపడుతుంది. అసలు దెబ్బ గుంతల్లో తెలుస్తుంది. స్ప్రింగు ముందే పెద్దగా కుంగలేదు కాబట్టి చక్రం కిందికి సాగడానికి మిగిలింది తక్కువ. గుంతలో దిగాల్సిన చక్రం గాల్లో తేలుతుంది, పట్టు పోతుంది.

అందుకే కొనే ముందు వే బ్రిడ్జి మీద కాటా వేయించండి. ట్యాంకు నింపి, టూల్స్, రూఫ్ క్యారియర్, ఎప్పుడూ కూర్చునే మనుషులతో, ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా. స్ప్రింగు ఎంచుకోవాల్సింది ఎప్పుడూ ఉండే బరువుకు. అప్పుడప్పుడు ఎక్కే లోడ్ కోసం కాయిల్ లోపల పెట్టే గాలి బ్యాగులు ఉన్నాయి, పని అయ్యాక ప్రెషర్ తగ్గించేయొచ్చు.

అపోహ: స్పేసరైనా స్ప్రింగైనా లేచేది ఒకటే కదా, చవకది చాలు.

స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన కాలు) పైన పెట్టే స్పేసర్, అంటే ఎత్తు పెంచే దిమ్మ, సస్పెన్షన్ కదలికను పెంచదు, ఉన్నదాన్ని కిందికి జరుపుతుంది. చాలా డబుల్ విష్‌బోన్ (పైనా కిందా రెండు ఆర్మ్‌లతో చక్రాన్ని పట్టే) బండ్లలో స్ట్రట్ లోయర్ ఆర్మ్ మధ్యకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒక అంగుళం స్పేసర్‌కు చక్రం దగ్గర సుమారు 2 అంగుళాలు వస్తుంది. చక్రం వేలాడినప్పుడు అదంతా బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రానికి కలిపే కీలు) మీద, యాక్సిల్ షాఫ్ట్ మీద పడుతుంది. ఇంకో రకం, స్ప్రింగుకూ దాని సీటుకూ మధ్య దూర్చేది. అది స్ప్రింగును ముందే నొక్కి పెడుతుంది, చక్రం కిందికి దిగే దూరం తగ్గుతుంది. చిన్న గతుకుకే షాక్ పూర్తిగా సాగి ఠక్కుమంటుంది. రోడ్డు బండికి ముక్కు కాస్త లేపడానికి పల్చటి స్పేసర్ వేస్తే నేను కాదనను. రాళ్లలో తిరిగే బండికి మాత్రం వద్దంటాను. ఈ రకం సస్పెన్షన్‌లో 2 అంగుళాలు దాటితే అప్పర్ కంట్రోల్ ఆర్మ్‌లు కూడా మార్చాలన్న లెక్కతోనే బడ్జెట్ వేసుకోండి.

అపోహ: పాత షాకులు బాగానే ఉన్నాయి, అవే ఉంచేద్దాం.

బండిని మోసేది షాకులు కాదు, స్ప్రింగులు. స్ప్రింగు ఊపును ఆపి వేడిగా మార్చడం షాక్ పని. పొడుగు స్ప్రింగుకు పాత షాక్ ఉంచితే చక్రం వేలాడిన ప్రతిసారీ షాకే తాడులా పట్టి ఆపాలి. లోపలి పిస్టన్, కింది బుష్‌లు (కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులు) ఆ దెబ్బకు నిలబడవు. పోనీ మరీ పొడుగు షాక్ వేస్తే, పూర్తిగా నొక్కుకున్నప్పుడు బంప్ స్టాప్ (సస్పెన్షన్ మరీ నొక్కుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) కంటే ముందే షాక్ అడుగు తగులుతుంది. స్ప్రింగు తీసి, యాక్సిల్‌ను జాకీతో బంప్ స్టాప్ దాకా లేపి ఒక కొలత, పూర్తిగా వేలాడదీసి ఇంకో కొలత తీసుకోండి. పూర్తిగా నొక్కిన షాక్ పొడవు మొదటి కొలత కంటే తక్కువగా, పూర్తిగా సాగిన పొడవు రెండో కొలతకు సరిపోయేలా ఉండాలి. పెద్ద టైరు వేస్తుంటే బంప్ స్టాప్ పొడవు కూడా పెంచాల్సి రావచ్చు. లిఫ్ట్ ఉన్నా, సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుంటే టైరు పాత చోటికే వస్తుంది, ఫెండర్‌ను (టైరు పైన ఉండే రేకును) కోస్తుంది.

షాక్ ఒకే గొట్టమున్న మోనోట్యూబా, గొట్టంలో గొట్టమున్న ట్విన్ ట్యూబా అని గంటలు గంటలు వాదించుకుంటారు. మోనోట్యూబ్ వేడిని త్వరగా వదులుతుంది. ట్విన్ ట్యూబ్ బయటి గొట్టానికి రాయి తగిలి సొట్ట పడినా పని చేస్తూనే ఉంటుంది. పొడవు, లోడ్ సరిపోయాకే ఆ చర్చ.

అపోహ: స్ప్రింగులు, షాకులు మారిస్తే పని అయిపోయినట్టే.

ముందు సాలిడ్ యాక్సిల్‌కు రేడియస్ ఆర్మ్‌లు (యాక్సిల్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే పొడుగు కడ్డీలు) ఉంటే, బండి లేచినకొద్దీ యాక్సిల్ తిరిగి కాస్టర్ కోణం (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది. స్టీరింగ్ వదిలితే తిరిగి మధ్యకు రాదు, హైవే మీద బండి అటూ ఇటూ జారుతుంది, డ్రైవర్‌కు టెన్షన్. దానికి ఆఫ్‌సెట్ బుష్‌లో కరెక్షన్ బ్రాకెట్లో కావాలి. యాక్సిల్ పక్కలకు జరగకుండా అడ్డంగా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్, బండి లేచినకొద్దీ యాక్సిల్‌ను తన ఛాసిస్ చివర ఉన్న వైపుకు లాగుతుంది. రెండు వైపులా ఫెండర్ అంచు నుంచి దారం వేలాడదీసి టైరు దాకా కొలిస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది.

బ్రేక్ హోస్‌లు, ఏబీఎస్ వైర్లు యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు కూడా వదులుగా ఉండాలి. కొన్ని బండ్లలో వెనక బ్రేక్ ప్రెషర్‌ను లోడ్‌ను బట్టి మార్చే వాల్వ్ ఉంటుంది, యాక్సిల్‌కు ఒక రాడ్‌తో కలిపి. లిఫ్ట్ చేశాక ఆ వాల్వ్ బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేక్ తగ్గించేస్తుంది. దాని బ్రాకెట్ సరిచేయకపోతే ఫుల్ లోడ్‌తో ఘాట్ దిగేటప్పుడు ప్రమాదమే.

అపోహ: కమాన్ కట్టలకు ఒక బ్లాక్ పెడితే చాలు.

కట్టకూ యాక్సిల్‌కూ మధ్య దూర్చే దిమ్మే బ్లాక్. అది వెనక మాత్రం, అదీ ఒక్కటే. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, ముందు అసలే పెట్టకూడదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ బ్లాకే మీటలా పనిచేసి కట్టలను మెలితిప్పుతుంది. కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్ పొడుగుది వేస్తే పెరిగిన పొడవులో సుమారు సగమే ఎత్తుగా వస్తుంది. తీరైన కొత్త కట్ట ఖరీదెక్కువే, నా ఓటు మాత్రం దానికే.

అపోహ: ఎంత ఎత్తయితే అంత సత్తా.

చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే బండి పల్టీ కొట్టే స్వభావం స్థూలంగా తెలుస్తుంది; అంకె తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. వెడల్పు 1500, కేంద్రం ఎత్తు 700 మిల్లీమీటర్లయితే 1.07. కేంద్రాన్ని 50 లేపితే 1.00. అడ్డవాలులో ఆ తేడా ఒళ్లు జలదరించేలా తెలుస్తుంది. రూఫ్ మీద సామాను వేసుకుంటే ఇంకా దిగజారుతుంది.

అపోహ: పాలీయురేథేన్ బుష్‌లు ఎక్కడైనా మేలే.

రబ్బరు కంటే గట్టిగా ఉండే ఈ బుష్‌లు రేడియస్ ఆర్మ్‌లలో సస్పెన్షన్ మెలిక తిరగడాన్ని అడ్డుకుంటాయి. నేనైతే అక్కడ మంచి రబ్బరే వేస్తాను. అయితే రబ్బరు బుష్ బోల్టును బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. నేల మీదికి దించి, బరువు పడ్డాక, నాలుగుసార్లు ఊపి అప్పుడు టార్క్ రెంచ్ పెట్టాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది.

ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కొలవొద్దు, టైరు గాలిని బట్టి మారిపోతుంది. హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి ఫెండర్ అంచుకు నాలుగు మూలలా కొలిచి రాసుకోండి, పని మొదలుపెట్టక ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి. కొత్త స్ప్రింగులు కొంత దిగుతాయి కాబట్టి 500 కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్లీ చూసి, మళ్లీ కొలిచి, అప్పుడు వీల్ ఎలైన్‌మెంట్ ఇంకోసారి చేయించి, హెడ్‌లైట్లు కిందికి దించుకోండి.