బెజవాడ చలికి డీజిల్ గడ్డకట్టదు, ట్యాంకులో పెట్రోలు పోయకండి

డిసెంబరు వస్తే చాలు, ఆటోనగర్‌లో మా షెడ్డు తలుపు తీయగానే ఒకటే మాట: "మేస్త్రీ, పొద్దున్నే బండి స్టార్ట్ కావట్లేదు. డీజిల్ గడ్డకట్టినట్టుంది, రెండు లీటర్ల పెట్రోలు పోసి చూశా." ఆ చివరి ముక్క వినగానే నాకు బీపీ పెరుగుతుంది.

అపోహ: చలికి డీజిల్ గడ్డకడుతుంది, పెట్రోలో కిరోసినో కలిపితే పల్చబడుతుంది.

వాస్తవం: డీజిల్‌లో మైనం ఉంటుంది. బాగా చలేస్తే నెయ్యిలా పూసకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. అంతవరకూ నిజమే. కానీ చలికాలంలో అమ్మే డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌లో ఆగకుండా పారాలని మన దేశంలో డీజిల్‌కు పెట్టిన ఐఎస్ 1460 ప్రమాణం చెబుతుంది. మనం స్వెట్టర్లు తీసేది 16, 17 డిగ్రీలకే. ఇక గడ్డకట్టేది ఎక్కడ?

"పాత మేస్త్రీలు పోసేవాళ్లుగా?" అంటారు. పోసేవాళ్లు. ఇంజన్‌కు డీజిల్ తోసే అప్పటి ఇన్‌లైన్ పంపులకు ఇంజన్ ఆయిల్ అందేది, తట్టుకునేవి. ఇప్పటి బండ్లలో అన్ని నాజిళ్లకూ ఒకే పైపు నుంచి డీజిల్ అందుతుంది, దాన్నే కామన్ రైల్ అంటాం. ఆ పంపుకు డీజిలే ఆయిల్. అందులో పెట్రోలు పడితే జారుడు పోయి లోపల ఇనుము ఇనుమును ఒరుసుకుంటుంది. ఆ రజను నేరుగా ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లలోకి పోతుంది. పంపు, నాజిళ్లు, రైల్ పైపు మార్చి ట్యాంకు కడిగించేసరికి ఓనరు ముఖం చూడలేం. నిప్పు ప్రమాదం సరేసరి.

మరి పొద్దున్నే ఎందుకు మొరాయిస్తుంది? ముందు బ్యాటరీ చూడండి. సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే అదే. సెల్ఫ్ బాగానే తిరిగి, ఫిల్టర్ మీది చేతిపంపు కొట్టాక స్టార్ట్ అయితే డీజిల్ లైన్లోకి ఎక్కడో గాలి దూరుతోంది. గట్టిపడ్డ వాషర్ కావచ్చు, పగిలిన పైపు కావచ్చు. ఫిల్టర్ అడుగున చేరే నీళ్లు వదిలి ఎన్నాళ్లైందో కూడా గుర్తు తెచ్చుకోండి.

నిజంగా గడ్డకట్టిన బండి నాకు ఒక్కటే తెలుసు, అదీ ఫోన్లో. జనవరిలో గుంటూరు మిర్చి లోడుతో శ్రీనగర్ వెళ్తున్న కుర్రాడు ఖాజీగుండ్ దగ్గర రాత్రంతా ఆగిపోయాడు. కింద మైదానంలో నింపిన డీజిల్. "ఫిల్టర్ నిండా తెల్లగా ఉంది మేస్త్రీ, ట్యాంకు కింద మంట పెట్టమంటున్నారు" అని ఏడుపు గొంతు. మంట జోలికి పోవద్దన్నాను. దాబాలో వేడినీళ్లు అడిగి, గుడ్డ తడిపి ఫిల్టర్‌కూ పైపులకూ చుట్టించాను. స్పేర్ ఫిల్టర్ ఉంది కాబట్టి బతికాడు. పదింటికి స్టార్ట్ అయింది. అటు వెళ్లేవాళ్లు ట్యాంకులో డీజిల్ తగ్గించుకుని కొండెక్కి, పైనున్న బంకుల్లో నింపుకోండి. లడఖ్ కోసమైతే మైనస్ 33 దాకా పారే డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లోనే తెచ్చింది. గడ్డకట్టనివ్వని మందులు కూడా ముందే కలపాలి, గడ్డకట్టాక పోస్తే దండగ.

చలికాలానికి ప్రీమియం డీజిల్ తప్పనిసరా? కాదు. పొగ శుభ్రం కావడానికి కొత్త బండ్లలో వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రావణం గడ్డకడుతుందా? మైనస్ 11 దగ్గర. ఇక్కడ ఆ బెంగ వద్దు.

పోయినేడు ఒక ఓనరు వాదించాడు: "ఇంట్లో కొబ్బరినూనె గడ్డకట్టింది, డీజిల్ కట్టదా?" భయపడే మనిషి, కోప్పడబుద్ధి కాలేదు. రెండు గాజు సీసాల్లో ఒకదాంట్లో కొబ్బరినూనె, ఒకదాంట్లో ఆయన ట్యాంకులోని డీజిల్ పోసి రాత్రికి షెడ్డు వెనక ఆరుబయట పెట్టాను. తెల్లారి ఆయనే రెండు సీసాలూ వంచి చూశాడు. కొబ్బరినూనె కదల్లేదు. డీజిల్ మూత సందులోంచి కారి ఆయన చొక్కా చేతికి అంటింది.