ఢిల్లీ ప్రయాణానికి ఏం సర్దుకోవాలి? అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు వైపు నుంచి ఢిల్లీ-ఆగ్రా టూర్లకు గ్రూపుల్ని తీసుకెళ్లే పని నాది. టికెట్లు బుక్కయిన మర్నాటి నుంచి సామాను గురించి ఫోన్లు మొదలవుతాయి. అందరూ ఏ నెలలో వెళ్తున్నామో చూసుకుని సర్దుతారు. ఏ వేళకు బయట ఉంటామో చూసుకునేవాళ్లు తక్కువ. ఇబ్బంది అక్కడే వస్తుంది.

అపోహ: అమెరికాలో మైనస్ పది చూసొచ్చాం, ఢిల్లీ ఏడు డిగ్రీలు మాకో లెక్కా?

పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చిన పెద్దవాళ్లు అనే మాట ఇది. అక్కడ చలి గుమ్మం బయటే ఆగిపోతుంది. ఇల్లు, కారు, షాపు అన్నీ వెచ్చగా ఉంటాయి. ఢిల్లీలో మామూలు హోటళ్లకు ఆ ఏర్పాటు ఉండదు. జనవరి రాత్రులు సగటున 7 డిగ్రీల దగ్గర ఉంటాయి, కొన్నిసార్లు 4కీ, ఇంకా కిందికీ దిగుతాయి. గోడలు, గచ్చు, పరుపు అన్నీ చల్లగా తగులుతాయి. హీటరు అడిగితే కొన్నిచోట్ల విడిగా డబ్బులు తీసుకుంటారు. అందుకే బయట తిరిగే బట్టల కంటే ముందు పడుకునే బట్టలు సర్దుకోమంటాను: ఒక జత థర్మల్స్, మందపాటి సాక్సులు, మంకీ క్యాప్. ఫొటోలో బాగుండదని మంకీ క్యాప్ వద్దన్నవాళ్లే రెండో రాత్రి దాని కోసం వెతుక్కుంటారు.

అపోహ: లావుపాటి జాకెట్ ఒక్కటుంటే చాలు.

తెల్లవారుజామున ఆగ్రా బస్సెక్కేటప్పుడు ఆ ఒక్కటీ సరిపోదు. మధ్యాహ్నం 20 డిగ్రీల ఎండలో కుతుబ్ మీనార్ చుట్టూ తిరిగేటప్పుడు అదే జాకెట్టును చేతిమీద వేసుకుని మోయాలి. దాని బదులు లోపల థర్మల్, దానిమీద చొక్కా, ఆపైన స్వెట్టరు, అన్నిటికీ పైన గాలి చొరబడని పల్చటి విండ్‌చీటర్ వేసుకోండి. ఎండెక్కే కొద్దీ ఒక్కొక్కటీ తీసి బ్యాగులో పెట్టుకోవచ్చు. చీర కట్టేవాళ్లు లోపల థర్మల్ లెగ్గింగ్ వేసుకుని, పైన స్వెట్టరు, శాలువా పెట్టుకుంటే హాయి. కాళ్లకు బూట్లే మేలు, చీరమీద బాగుండవని మొహమాటపడొద్దు.

రెండు సందర్భాల్లో ఈ పద్ధతి పనిచేయదు. పొగమంచు కమ్మి సూర్యుడు కనపడని రోజుల్లో పగలు కూడా 15 డిగ్రీలు దాటకపోవచ్చు, అప్పుడు ఏదీ తీయబుద్ధి కాదు. ఇక అక్షర్‌ధామ్‌లోకి ఫోన్లతో పాటు బ్యాగులు కూడా రానివ్వరు కాబట్టి, ఏది తీసినా చేత్తోనే పట్టుకు తిరగాలి.

బంగ్లా సాహిబ్ గురుద్వారాకు వెళ్లే రోజు చేతిసంచిలో చిన్న తువాలు, అదనంగా ఒక జత సాక్సులు ఉంచుకోండి. అక్కడ చెప్పులు విప్పి, కాళ్లు తడుపుకుని లోపలికి వెళ్లాలి. తడికాళ్లతో పాలరాతి మీద నడిచి వచ్చాక పొడి సాక్సుల విలువ తెలుస్తుంది. తల కప్పుకోవడానికి శాలువా ఎలాగూ ఉంటుంది.

అపోహ: స్వెట్టర్లు అక్కడే చవగ్గా కొనుక్కోవచ్చు.

సగం నిజం. సరోజినీ నగర్‌లో, జన్‌పథ్‌లో బేరమాడితే మంచివే దొరుకుతాయి. కానీ పొగమంచు కాలంలో రైళ్లు గంటల తరబడి లేటవుతాయి. సాయంత్రం దిగాల్సినవాళ్లు అర్ధరాత్రి దాటాక ప్లాట్‌ఫారం మీద నిలబడతారు, ఆ వేళ ఏ షాపుంటుంది? పైగా సరోజినీ నగర్‌కు సోమవారం సెలవు. మొదటి రాత్రి చలికి సరిపడా ఇంటినుంచే తెచ్చుకోండి. అది పెద్ద సూట్‌కేసు అడుగున కాదు, చేతిబ్యాగులో ఉండాలి.

అపోహ: రెంటచింతల ఎండ చూసినవాళ్లకు ఢిల్లీ ఎండ ఏం చేస్తుంది?

మే, జూన్ నెలల్లో అక్కడ 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. దానికి తోడు లూ అనే పొడి వడగాలి. కోస్తాలో లాగా ఒళ్లు తడిసి ముద్దవదు, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. అందుకే ఒంట్లో నీళ్లు పోతున్నట్టే తెలియదు. స్లీవ్‌లెస్ కంటే చేతులు పూర్తిగా కప్పే వదులు నూలు బట్టలు, తలకు తువాలు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి.

అపోహ: అక్టోబరు కదా, గొడుగు ఉండాల్సిందే.

అక్టోబరు మనకు వాయుగుండాల నెల. ఢిల్లీ నుంచి నైరుతి రుతుపవనాలు మామూలుగా సెప్టెంబరు చివరికే వెళ్లిపోతాయి. గొడుగు జులై, ఆగస్టుల్లో పెట్టుకోండి, ఆ నెలల్లో జీన్స్ మాత్రం వద్దు, తడిస్తే మర్నాటికీ ఆరవు. దీపావళికి అటూ ఇటూ, నవంబరంతా, కావాల్సింది ఎన్95 మాస్కు. పంట వ్యర్థాల పొగ, వాహనాల పొగ కలిసి కళ్లు మండుతాయి. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ రోజులు తప్పించి వెళ్లడమే మంచిది.

అపోహ: కొబ్బరినూనె గడ్డకట్టిందంటే కల్తీదే.

కాదండీ. 24 డిగ్రీల కిందికి వెళ్తే స్వచ్ఛమైన నూనె కూడా గడ్డకడుతుంది. చలికాలమైతే సన్నమూతి సీసా కాకుండా వెడల్పు మూతి డబ్బాలో పోసుకోండి, వేలితో తీసుకోవచ్చు.