బెజవాడలో ఆటకు పద్దు ఎక్కడ?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ నీట మునిగాయి. తర్వాత ప్రభుత్వం ఇంటింటికీ ఇచ్చిన సరుకుల్లో బియ్యం, కందిపప్పు, నూనె, పంచదార, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఉన్నాయి. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేల రూపాయలు ప్రకటించారు, మునిగిన బైకులకూ లెక్క కట్టారు. బురదలో పోయిన క్యారమ్ బోర్డు, బ్యాటు, బొమ్మలు మాత్రం ఆ లెక్కలో కనిపించవు. ఉండాలని అడిగే అలవాటు మనకూ లేదు. వరదలో అన్నం ముందు, ఆట తర్వాత అంటే ఎవరైనా ఒప్పుకుంటారు. చిక్కేమిటంటే వరద లేని రోజుల్లో కూడా ఆ తర్వాత అనేది రాదు.

ఒకప్పుడు పేదింటి పిల్లలకు ఆట వస్తువులు కొనాల్సిన పని పెద్దగా ఉండేది కాదు. తాటిబుర్రలకు పుల్ల గుచ్చితే బండి. చింతపిక్కలుంటే వామనగుంటలు. ఏడు పెంకులూ ఒక గుడ్డబంతీ దొరికితే సాయంత్రం గడిచిపోయేది. కొనుక్కోవడమంటే తిరునాళ్ళకే, లక్కపిడతలో బూరో. ఇప్పటికీ ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలకు వెళ్తే దారి పొడవునా బొమ్మల బళ్ళు కనిపిస్తాయి. పాత రోజులు బంగారమని చెప్పడం లేదు. తమ్ముణ్ని చంకనేసుకున్న ఆడపిల్లకు అప్పుడూ ఆట అంతంతమాత్రమే. అయితే ఆ ఆటలకు కావలసినవి రెండే: ఖాళీ జాగా, చెట్టూ చేమా. నగరంలో రెండూ కరిగిపోయాయి.

పక్కనే కొండపల్లి ఉండగా బొమ్మలకు కరువేమిటని ఎవరైనా అడగొచ్చు. అక్కడ తెల్లపొణికి కర్రను సన్నటి సెగ మీద ఆరబెడతారు. కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సున్నం పూసి రంగులద్దుతారు. కర్ర తేలిక, పని నాజూకు. కిందపడితే అంబారీ ఏనుగు తొండం ఊడి వస్తుంది. అందుకే కొండపల్లి బొమ్మ ఎక్కువగా బొమ్మల కొలువులోనూ అద్దాల బీరువాలోనూ బతికింది. భౌగోళిక గుర్తింపు రావడం, ప్రభుత్వ లేపాక్షి షోరూముల్లో అమ్ముడుపోవడం కళాకారులకు మేలే. ఆ కళాకారులుండే బొమ్మల కాలనీకి కూతవేటు దూరంలో పెరిగే పిల్లాడి చేతిలో మాత్రం ప్లాస్టిక్ కారే ఉంటుంది.

ఆ ప్లాస్టిక్ కారు కథ కూడా ఢిల్లీలోనే మారింది. 2020 బడ్జెట్‌లో దిగుమతి బొమ్మల మీద సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేశారు. మొదటిది దేశంలో పరిశ్రమ పెరగాలని, రెండోది పిల్లల నోట్లోకి విషపు రంగులు పోకూడదని. రెంటినీ తప్పుపట్టలేం. కానీ బీసెంట్ రోడ్డు తోపుడుబండి దగ్గర పది రూపాయల కోసం బేరమాడే తల్లికి ఆ గుర్తున్న బొమ్మ ఎలా అందుతుందన్నది ఆ చర్చలోకే రాలేదు.

ఇక జాగా. ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క కొండలు, ఊరి మధ్యలో మూడు కాలువలు. బెజవాడలో నేలకు ఎప్పుడూ గిరాకీనే. పెద్ద మైదానాలు లేకపోలేదు. 2002 నవంబరు 24న భారత్, వెస్టిండీస్ వన్డే ఆడిన ఇందిరాగాంధీ స్టేడియం ఉంది, జింఖానా గ్రౌండ్ ఉంది, సింగ్‌నగర్‌లో మాకినేని బసవపున్నయ్య స్టేడియం ఉంది. సభలకూ ఎగ్జిబిషన్లకూ పుస్తకాల పండగకూ వేదికగా ఉండిన పీడబ్ల్యూడీ గ్రౌండ్‌లో 2024 జనవరిలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం వెలిసింది. చిట్టినగర్ కొండ మీది మెట్ల ఇళ్ళలో ఉండే ఏడేళ్ళ పిల్ల ఈ మైదానాల్లో దేనికీ ఒంటరిగా వెళ్ళలేదు. చిన్నపిల్లల ఆటస్థలం ఇంట్లోంచి అమ్మ కేకేస్తే వినపడేంత దూరంలో ఉండాలి. ఈ కొలత ఏ మాస్టర్ ప్లాన్‌లోనూ పట్టదు. ఈమధ్య వచ్చిన బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు దగ్గర్లోనే ఉంటాయి గానీ, గంటకు వందల్లో అద్దె. జట్టుగా చందాలు వేసుకోగల కుర్రాళ్ళకే అవి.

చట్టాల వైపు చూస్తే కాగితం మీద లోటేమీ లేదు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటను హక్కుగా చెప్పింది. అది 1989 నాటిది, మన దేశం 1992 డిసెంబరులో చేరింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ప్రతి తరగతికీ అవసరమైన ఆట వస్తువులు ఉండాలంది. ఆటస్థలం లేని బడి ఉండకూడదని 2023 మార్చిలో హర్యానా కేసులో సుప్రీంకోర్టు కూడా అంది. అయితే ఆ చట్టంలోనే ఇంకో గీత ఉంది. వ్యాయామ బోధకుణ్ని పార్ట్‌టైమ్‌గానైనా పెట్టాలన్న నిబంధన ఆరో తరగతి నుంచి, అదీ వందమంది పిల్లలు దాటిన బడులకే. ఆట ఎక్కువగా కావలసిన చిన్న తరగతులకు ఆడించే మనిషిని చట్టమే అడగలేదు.

అంతకంటే చిన్నపిల్లల సంగతి అంగన్‌వాడీలది. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడే పోషణ, టీకాలతో పాటు మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటల చదువు అందులో ఉంది. కానీ అద్దె గదిలో నడిచే కేంద్రంలో తూకం యంత్రం, పప్పు బస్తా, గుడ్ల ట్రేలు సర్దాక పిల్లలు గెంతడానికి చోటేది? అక్కడి టీచరమ్మను పైఅధికారి అడిగే లెక్కలు బరువు, ఎత్తు, గుడ్లు. పిల్లలు ఎంతసేపు ఆడారన్నది ఏ యాప్‌లోనూ గట్టిగా అడగరు.

రాష్ట్ర ప్రభుత్వాల తీరు పార్టీలతో నిమిత్తం లేకుండా ఒకటే. 2020లో జగనన్న విద్యాకానుక పేరుతోనూ, తర్వాతి ప్రభుత్వంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతోనూ ఇచ్చిన కిట్లలో సంచి, యూనిఫాం, పుస్తకాలు, బూట్లు, బెల్టు ఉన్నాయి. బంతి లేదు. 2023 డిసెంబరు 26న గుంటూరు దగ్గర నల్లపాడులో మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’లో బ్యాట్లు, బంతులు గ్రామ, వార్డు సచివాలయాల దాకా వచ్చాయి. కానీ అది 15 ఏళ్ళు దాటినవాళ్ళకు, అదీ పోటీల కోసం. పోటీ అంటే మన చూపు అటు తిరుగుతుంది, పతకం వస్తే ఊరేగిస్తాం. ఆర్చర్ జ్యోతి సురేఖ విల్లు పట్టిన ఊరే ఇది. ఆ స్థాయి విల్లు ధర లక్షల్లో ఉంటుంది. పతకం రాని ఆటను ఖర్చుగా కూడా రాసుకోవడం మనకు చేతకాదు.

డబ్బు అసలే రాదనీ కాదు. 2018 నుంచి కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద ఆట సామాగ్రి కోసం ప్రాథమిక పాఠశాలకు ఏటా 5 వేలు, ప్రాథమికోన్నతకు 10 వేలు, ఉన్నత పాఠశాలకు 25 వేల రూపాయల దాకా కేటాయింపు ఉంది. కొన్నవి ఎక్కడికి పోతాయంటే, హెడ్మాస్టర్ గదిలో బీరువాలోకి. ఫుట్‌బాల్ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. పగిలినా పోయినా సంతకం పెట్టినవాళ్ళు జవాబు చెప్పాలి. ఆడితే అరుగుతుంది, అరిగితే ఆడిట్‌లో ప్రశ్న వస్తుంది. తాళం వేసి ఉంచితే ఏ ప్రశ్నా రాదు. మాస్టారిని ఆడిపోసుకోవడం తేలిక గానీ, లోపం రిజిస్టర్‌లో ఉంది. ఏడాదికి ఇన్ని బంతులు అరిగిపోవడం మామూలేనని రాసుకునే గడి అందులో ఉంటే తాళం దానంతటదే తెరుచుకునేది. దాతలు ఇచ్చే బొమ్మల పెట్టెలకూ ఇదే గతి. పైగా వాటిలో సగం బ్యాటరీ లేనివి, ముక్కలు తగ్గిన పజిళ్ళు.

దీనికి విరుగుడు ప్రపంచంలో చాలాకాలంగా ఉంది. 1935లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో పేద పిల్లలకు బొమ్మల్ని పుస్తకాల్లా అరువిచ్చే కేంద్రం మొదలైంది, ఆ పథకం తర్వాత దశాబ్దాలపాటు నడిచింది. స్వీడన్‌లో 1960లలో వికలాంగ పిల్లల కోసం ఇదే పద్ధతి పెట్టారు. ముంబయిలో 1982లో మొదలైన చిల్డ్రన్ టాయ్ ఫౌండేషన్ మన దేశంలో బొమ్మల లైబ్రరీలు నడిపింది.

తమాషా ఏమిటంటే, లాస్ ఏంజిలిస్‌లో బొమ్మలు అరువిస్తున్న ఆ 1935లోనే ఇక్కడ గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి నుంచి కొల్లూరు వైపు కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళు తీసుకుని, చదివి, పడవ తిరిగొచ్చినప్పుడు ఇచ్చేవారు. అంటే వస్తువు నమ్మకం మీద చేతులు మారే పద్ధతి ఈ డెల్టాకు కొత్త కాదు. బెజవాడ రామమోహన గ్రంథాలయం అంతకుముందే, 1911లో పుట్టింది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ ఇక్కడే జరిగింది. ఆ గ్రంథాలయోద్యమం ఊపుతోనే గ్రంథాలయాల చట్టం, దాంతో సెస్సు వచ్చాయి. నేటికీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల పేరున వసూలవుతుంది. స్థానిక సంస్థలు ఆ సొమ్ము సకాలంలో జమ చేయక గ్రంథాలయ సంస్థలు బకాయిల కోసం తిరగడం వేరే గోల.

పుస్తకానికి సెస్సు సాధించుకున్న ఊళ్ళో ఆటకు అలాంటి పద్దు కోసం ఉద్యమమేదీ పుట్టలేదు. ఆట కోసం వచ్చే రూపాయి చదువు పేరుతోనో, పోషణ పేరుతోనో, పతకాల పేరుతోనో, హస్తకళల పేరుతోనో వస్తుంది. ఆ పేరు గలవాళ్ళు తమ లెక్క తాము చూసుకుంటారు. వాంబే కాలనీలో బొమ్మల అరువు బీరువా పెట్టాలని ఎవరైనా ముందుకొస్తే, బీరువా ఖరీదు కంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి: తాళం చెవి పట్టుకునే మనిషికి జీతం ఏ శాఖ ఇస్తుంది, విరిగిన బొమ్మను ఎవరి సంతకంతో కొట్టేస్తారు.