కొలెస్ట్రాల్ గొడవ మళ్లీ మొదలైంది, వాదన మాత్రం ఇంకా కంచం దగ్గరే ఉంది

జిమ్‌లోనో, పెళ్లి బరాత్‌లోనో ఎవరో కుర్రాడు నిలబడ్డ చోటే కూలిపోయిన సీసీటీవీ వీడియో ఒకటి బయటికొస్తే చాలు, హైదరాబాద్‌లో ఫ్యామిలీ గ్రూపుల్లో పాత మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. కొలెస్ట్రాల్ పెద్ద మోసమని, అమెరికా వాళ్లే 2015లో దాని మీద లిమిట్ ఎత్తేశారని, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్లలు కంపెనీల వ్యాపారమని, కాబట్టి ఆపేయమని. ఇటు కార్డియాలజిస్టులు ఆపొద్దని వీడియోలు పెడతారు. వాటి కింద నెయ్యి మంచిదా కాదా, పచ్చసొన తినొచ్చా, కొబ్బరినూనె సంగతేంటి అని వాదన సాగుతుంది. మూడో రోజుకి ఎవరి మాట వాళ్లదే. ఈలోపు స్టెంట్ వేయించుకున్న పెద్దాయన ఎవరో ఒకరు నిజంగానే బిళ్ల మానేస్తారు. నాకు భయం అక్కడే.

ముందు ఒక మాట. వీడియోలో కూలిపోయిన ప్రతి మనిషికీ బ్లాకులు ఉన్నట్టు కాదు. గుండె కండరానికి వచ్చే జబ్బులు వేరు. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకుని 2009లో వెలువరించిన పరిశోధన, దక్షిణాసియా వాళ్లలో సుమారు 4 శాతం మందిలో గుండె కండరాన్ని దెబ్బతీయగల ఒక జన్యుమార్పు ఉందని చూపించింది. దానికీ కొలెస్ట్రాల్‌కీ సంబంధం లేదు. ఇక్కడ రాస్తున్నది అథెరోస్క్లెరోసిస్ గురించే, అంటే ధమని లోపలి గోడలో కొవ్వు చేరి, గట్టిపడి, ఒకరోజు అది పగిలి రక్తం గడ్డకట్టి దారి మూసేసే జబ్బు గురించి.

1913లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకి కొలెస్ట్రాల్ తినిపించడం, గుండెజబ్బుల మీద 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం, దేశాల్ని పోల్చి కొవ్వు తిండికీ గుండెజబ్బుకీ లంకె చూపిన ఆన్సెల్ కీస్ ఏడు దేశాల లెక్కలు, ఇవన్నీ ఎన్నోసార్లు చదివినవే, వదిలేద్దాం. కుందేళ్ల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. పొద్దుతిరుగుడు నూనెలో కరిగించిన కొలెస్ట్రాల్ తిన్న కుందేళ్ల ధమనుల్లో పూడిక వచ్చింది, అదే ఎలుకల్లో, కుక్కల్లో చేస్తే రాలేదు. గడ్డి తినే జంతువుకి పచ్చసొన పెడితే ఏమవుతుందో మనిషికి ఎందుకు అంటగడతారని అప్పుడే అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఎలుకలూ కుక్కలూ తిన్న కొలెస్ట్రాల్‌ని పైత్యరసంగా మార్చి బయటికి పంపేయగలవు, అందుకే వాటి రక్తంలో అది పెరగదు. కుందేలు రక్తంలో పెరుగుతుంది. అంటే తేడా తిండిలో లేదు, తిన్నదాన్ని శరీరం ఏం చేస్తుందన్న దాంట్లో ఉంది. ఈ సంగతి తేలడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

నా లెక్కలో మొత్తం కథ తిరిగింది 1973, 74లో, అమెరికాలో డాలస్ నగరంలో. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు అంతకు కొన్నేళ్ల ముందు పదేళ్లు కూడా నిండని ఒక అన్నాచెల్లెళ్లని చూశారు. ఇద్దరికీ గుండెజబ్బు, కొలెస్ట్రాల్ పుట్టుకతోనే విపరీతం. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తే వచ్చే పరిస్థితి అది, చాలా అరుదు. ఆ పిల్లలు సిగరెట్ కాల్చలేదు, బీపీ లేదు, షుగర్ లేదు, ఆఫీసు టెన్షన్ లేదు. ఎంత కడుపు కట్టినా ఆ అంకె మామూలుకి రాదు. అలాంటి రోగుల చర్మకణాల్ని తీసుకుని ల్యాబ్‌లో పెంచి చూస్తే తేలింది ఏంటంటే, మామూలు కణం పైన రక్తంలోని ఎల్‌డీఎల్‌ని, అంటే కొలెస్ట్రాల్‌ని మోసుకుతిరిగే, చెడు కొలెస్ట్రాల్ అని పిలిచే రేణువుల్ని, పట్టుకుని లోపలికి లాక్కునే రిసెప్టర్లు ఉంటాయి, ఈ పిల్లల కణాల మీద అవి లేవు. శరీరంలో ఇలాంటి రిసెప్టర్లు చేసే పనిలో పెద్ద వాటా కాలేయానిది. బస్తీకి రోజూ వచ్చే చెత్త ఆటోలు తగ్గిపోతే ఇళ్లలో చెత్త ఎంత తగ్గించుకున్నా వీధిలో పేరుకుపోయినట్టే, రిసెప్టర్లు తక్కువైతే ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ధమని గోడల్లోకి చేరుతుంది. ఈ పనికి వాళ్లకి 1985లో నోబెల్ వచ్చింది.

అంతకు ఏడాది ముందు, 1984 ఫిబ్రవరిలో, పిట్స్‌బర్గ్‌లో స్టోర్మీ జోన్స్ అనే ఆరేళ్ల పాపకి గుండె, కాలేయం రెండూ ఒకేసారి మార్చారు. ఇదే జన్యులోపం ఉన్న పాప, కొలెస్ట్రాల్ వెయ్యి దరిదాపుల్లో ఉండేది. కొత్త కాలేయం పెట్టాక అది మూడు వందల దరిదాపుల్లోకి దిగింది. అంత దిగింది కాలేయం మారినందుకే. ఒక్క పాప కేసే కావచ్చు, గుడ్డు గురించి కొట్టుకునేవాళ్లందరూ ఒకసారి ఆగి చూడాల్సిన కేసు.

ఇక్కణ్ణుంచి వెనక్కి చూస్తే ఇవాళ్టి చిక్కుముళ్లు చాలా వరకు విడిపోతాయి. మన ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్లు తయారు చేసుకునేదే, కాబట్టి గుడ్డు మానేసినంత మాత్రాన రిపోర్టు పెద్దగా మారదు, ఆ మాట వరకు మెసేజ్ రాసినవాళ్లదే కరెక్ట్. సంతృప్త కొవ్వు, అంటే నెయ్యి, వెన్న, పామాయిల్, కొబ్బరినూనెల్లో ఎక్కువగా ఉండే రకం, కాలేయంలో ఆ రిసెప్టర్ల పనిని తగ్గిస్తుంది, కాబట్టి చాలామందిలో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. 2015లో అమెరికా ఆహార మార్గదర్శకాలు ఎత్తేసింది తిండిలో రోజుకి 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ అన్న పరిమితిని మాత్రమే. సంతృప్త కొవ్వు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటొద్దన్న మాట అదే పత్రంలో అలాగే ఉంది. రక్తంలో ఎల్‌డీఎల్ ఎంతున్నా ఫర్వాలేదని అందులో ఎక్కడా లేదు. మెసేజ్‌లో ఈ సగం ఎప్పుడూ రాదు.

జనానికి అనుమానం ఊరికే రాలేదు, అది కూడా చెప్పాలి. కొలెస్ట్రాల్ తగ్గించే మందుల మొదటి చరిత్ర బాగాలేదు. ట్రైపరానాల్ అనే మందు కంటిలో శుక్లాలు తెచ్చిందని 1962లో వెనక్కి తీసుకున్నారు. క్లోఫైబ్రేట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన పెద్ద ట్రయల్‌లో గుండెపోట్లు తగ్గినా మందు వాడినవాళ్లలో మొత్తం మరణాలు పెరిగాయి. స్టాటిన్లలోనే ఒకటి, సెరివాస్టాటిన్, కండరాలు దెబ్బతిని మనుషులు చనిపోవడంతో 2001లో మార్కెట్ నుంచి పోయింది. ఇవన్నీ నిజాలే.

అయితే జపాన్‌లో అకిరా ఎండో వేల రకాల శిలీంధ్రాల్ని వెతికి 1973లో మొదటి స్టాటిన్‌ని పట్టుకున్నప్పుడు దొరికిన దారి పాత మందుల దారి కాదు. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని అది అడ్డుకుంటుంది, సరుకు తగ్గిందని కాలేయం తన మీద రిసెప్టర్లు పెంచుకుంటుంది, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది. డాలస్‌లో తేలిన సంగతి సరిగ్గా ఇక్కడ మందుగా మారింది. 1994లో స్కాండినేవియా దేశాల్లో అప్పటికే గుండెజబ్బు ఉన్న 4,444 మంది మీద చేసిన ట్రయల్‌లో సిమ్వాస్టాటిన్ వాడినవాళ్లలో మొత్తం మరణాలే 30 శాతం తగ్గాయి. స్టెంట్ వేయించుకున్న పెద్దాయన ఏ గుంపులోకి వస్తారంటే, ఈ గుంపులోకి. బిళ్ల ఆపమని ఆయనకి ఫార్వర్డ్ చేసేవాళ్లు ఈ ఒక్క ట్రయల్ గురించి ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు.

ట్రయల్స్‌కి కంపెనీలు డబ్బు పెడతాయి కదా అనేవాళ్ల కోసం, ఏ మందూ లేని రుజువు ఒకటుంది. 2003లో ఫ్రాన్స్‌లో పీసీఎస్‌కే9 అనే జన్యువుకీ కొలెస్ట్రాల్‌కీ ఉన్న లంకె బయటపడింది. ఎల్‌డీఎల్ రిసెప్టర్లని నాశనం చేయించే ప్రొటీన్ దాన్నుంచి వస్తుంది. మళ్లీ డాలస్‌లోనే హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ అనే శాస్త్రవేత్తలు ఈ జన్యువు పుట్టుకతోనే పాడైన వాళ్లు ఎలా ఉన్నారో వెతికారు. 2006లో వాళ్లు వెలువరించిన లెక్క ప్రకారం నల్లజాతి అమెరికన్లలో ఇలాంటి మార్పు ఉన్నవాళ్లకి ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు 88 శాతం తక్కువ. వీళ్లలో బీపీ ఉన్నవాళ్లు, సిగరెట్ కాల్చేవాళ్లు కూడా ఉన్నారు. ఏ కంపెనీ వీళ్లకి ఏ బిళ్లా అమ్మలేదు. జీవితమంతా కొంచెం తక్కువ ఎల్‌డీఎల్‌తో బతకడం వల్ల వచ్చిన తేడా అది. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెల్ని కోసి చూసి 1953లో రాసిన నివేదిక దీని పక్కన పెట్టి చదవాలి. సగటు వయసు 22, అయినా 77 శాతం మందిలో ధమనుల్లో జబ్బు అప్పటికే కనిపించింది.

ఇన్‌ఫ్లమేషనే, అంటే ఒంట్లో రేగే వాపూ మంటే, అసలు దోషి, కొలెస్ట్రాల్ కాదు అన్నది ఇప్పటి మెసేజ్‌ల్లో కొత్తగా చేరిన మాట. ఇందులో సగం నిజం ఉంది. 2017లో వచ్చిన కాంటోస్ ట్రయల్‌లో పదివేల మందికి పైగా రోగులకి కేవలం ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు ఇస్తే, ఎల్‌డీఎల్ మారకుండానే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం ఈ మూడూ కలిపి సుమారు 15 శాతం తగ్గాయి. కానీ గోడలో ఆ మంట దేని మీద రేగుతోందో చూడాలి. లోపలికి చేరి చిక్కుకుపోయిన ఎల్‌డీఎల్‌ని తినడానికే తెల్లకణాలు వస్తాయి, తిని ఉబ్బి అక్కడే చచ్చిపోతాయి. రెండూ ఒకే జబ్బులోని రెండు దశలు.

నెయ్యిది తప్పు కాదనడానికి మన దగ్గర వాడే ఇంకో ఆధారం, రైల్వే డాక్టర్ మల్హోత్రా 1967లో రాసిన అధ్యయనం. నెయ్యి, పాలు ఎక్కువ తినే ఉత్తరాది రైల్వే ఉద్యోగులకన్నా తక్కువ కొవ్వు తినే దక్షిణాది ఉద్యోగుల్లో గుండెజబ్బు మరణాలు దాదాపు ఏడు రెట్లు ఎక్కువని అందులో ఉంది. దక్షిణాది వాళ్లం కాబట్టి మనల్ని బాగా తాకే అంకె. కానీ ఒక ప్రాంతాన్ని ఇంకో ప్రాంతంతో పోల్చి కారణం తేల్చడం కుదరదని ఆన్సెల్ కీస్‌ని తిట్టేవాళ్లే, అదే రకం పోలికని మల్హోత్రా దగ్గర మాత్రం కళ్లకద్దుకుంటారు. ఇద్దరి పోలికలూ అడిగింది కంచం గురించే.

మనవాళ్ల ధమనుల గురించి నిజంగా కొత్త సంగతులు చెప్పింది మన చుట్టుపక్కల ఊళ్లే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో ఒక ట్రయల్ నడిపింది, కొన్ని ఊళ్లలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అదనపు ఆహారం అందింది, మిగతా వాటిలో అందలేదు. ఆ పిల్లలు టీనేజ్‌కి వచ్చాక పరీక్షిస్తే, తిండి అందిన ఊళ్ల పిల్లల ధమనులు తక్కువ బిరుసుగా ఉన్నాయి, ఇన్సులిన్ కూడా మెరుగ్గా పనిచేస్తోంది. బిరుసుతనం, పూడిక ఒకటి కాదు, అయినా తల్లి కడుపులో ఉన్నప్పటి ఆకలి రక్తనాళం దాకా వస్తుందని మన పల్లెల్లోనే కనిపించింది. తర్వాత ఇదే ఊళ్లలో గాలి కాలుష్యానికీ, కట్టెల పొయ్యి పొగకీ మెడలోని ధమని గోడ మందానికీ లంకె చూశారు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003, 04లో మరణాల కారణాలు రాసుకుంటే 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులే. పల్లెటూరి మనిషికి ఈ జబ్బు రాదన్న నమ్మకం అక్కడితో పోవాల్సింది.

52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53, మిగతావాళ్లకి దాదాపు 59. అందుకే నిజమైన వివాదం ఇప్పుడు స్టెంట్ ఉన్నవాళ్ల గురించి కాదు, నలభై దాటి ఏ జబ్బూ లేనివాళ్ల గురించి. వాళ్లలో ఎవరికి బిళ్ల ఇవ్వాలి, ఎవరికి అక్కర్లేదు అన్నది డాక్టర్ల మధ్యే తేలని విషయం. రిస్కు లెక్కకట్టే పాత పట్టికలు అమెరికా జనాభా మీద తయారైనవి, మనవాళ్ల రిస్కుని తక్కువ చేసి చూపించే ప్రమాదం ఉంది. ఇంకోవైపు స్టాటిన్ వల్ల కొద్దిమందిలో కండరాల నొప్పి వస్తుంది, షుగర్ అంచున ఉన్నవాళ్లకి షుగర్ తేలొచ్చు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఇవన్నీ అడిగి తెలుసుకోవడంలో తప్పేమీ లేదు, డాక్టర్లు విసుక్కోకుండా చెప్పాలి.

కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు మొదటి లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్ట్రాల్ రక్తపరీక్ష, 18 ఏళ్లకే చేయించమన్నాయి, ఇంట్లో చిన్నవయసులో గుండెపోటు వచ్చినవాళ్లుంటే అంతకన్నా ముందే. ఎల్‌డీఎల్ లాంటిదే, వంశపారంపర్యంగా వచ్చే లైపోప్రొటీన్ ఎ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించమన్నాయి. కాలేజీ పిల్లలకి కూడా టెస్టులా, ఇదంతా ల్యాబుల వ్యాపారం అని దీన్నీ కొట్టిపారేస్తున్నారు. బ్రౌన్, గోల్డ్‌స్టీన్ చూసిన ఆ పిల్లలకున్న లోపం ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో మాత్రమే వచ్చిన మనుషులు వందల్లో ఒకరుంటారు. చూడ్డానికి సన్నగా, చలాకీగా ఉంటారు, క్రికెట్ ఆడతారు, మెట్లెక్కితే ఆయాసం రాదు, ఎల్‌డీఎల్ మాత్రం పుట్టినప్పట్నుంచీ ఎక్కువే, పెద్దయ్యాక తరచు 190 పైనే. వాళ్లని ముందుగా పట్టుకోవడానికి ఆ రక్తపరీక్ష తప్ప మామూలుగా ఇంకో దారి లేదు.