నేను సిమ్యులేషన్లు రాస్తాను: విశ్వం కూడా అలాంటిదేనా అన్న ప్రశ్న మీద అపోహలు - వాస్తవాలు

ప్రోటీన్ల కదలికలను కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా వృత్తి. నీళ్లు నింపిన ఒక ఊహా పెట్టెలో ప్రోటీన్‌ను పెడతాం. నీళ్లతో కలిపి లక్ష పరమాణువుల దాకా ఉంటాయి. ఒక్కో దాని మీద ఎంత బలం పడుతోందో లెక్కించి, దాన్ని వెంట్రుకవాసి జరిపి, మళ్లీ లెక్కిస్తాం. ఇలా కంప్యూటర్లో నడిపే నమూనానే సిమ్యులేషన్ అంటారు. పెళ్లిళ్లలో, రైళ్లలో కలిసినవాళ్లు నా పని గురించి వినగానే అడిగే ప్రశ్న ఒకటుంది: "మనం కూడా అలాంటి దాంట్లోనే ఉన్నామంటారా?" ఈమధ్య కుర్రాళ్లు దీన్ని ప్రశ్నలా అడగడం లేదు, తేలిపోయిన విషయంలా చెబుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మనం సిమ్యులేషన్‌లో ఉన్నామని ఒక తత్వవేత్త నిరూపించాడు.

వాస్తవం: ఆ తత్వవేత్త నిక్ బోస్ట్రామ్. 2003లో అచ్చయిన ఆయన వ్యాసం మూడు మాటలు చెప్పి, వీటిలో కనీసం ఒకటి నిజమై తీరాలంటుంది. మనలాంటి నాగరికతలు దాదాపు అన్నీ అంతటి కంప్యూటర్లు కట్టేలోపే అంతరించిపోతాయి. లేదా, కట్టగలిగినా తమ పూర్వీకుల జీవితాలను వాటిలో నడిపే పని దాదాపు ఎవరూ పెట్టుకోరు. లేదా, మనం ఇప్పటికే అలాంటి దాంట్లో ఉన్నాం. ఏది నిజమో వ్యాసం తేల్చలేదు. 2016లో ఇలాన్ మస్క్ ఒక వేదిక మీద, మనది అసలు ప్రపంచం అయ్యే అవకాశం వందల కోట్లలో ఒకటి అన్నాడు. అప్పటినుంచి జనానికి మూడో మాటే గుర్తుంది, మొదటి రెండూ ఎటో పోయాయి.

ఈ వాదన మొత్తం ఒక పునాది మీద నిలబడింది: సరైన లెక్క నడిస్తే చాలు, అది మెదడులో నడిచినా చిప్‌లో నడిచినా స్పృహ పుడుతుందన్నది. బోస్ట్రామ్ దాన్ని దాచలేదు, ఇది నా ఊహ అని ముందే చెప్పాడు. మన చేతుల్లో ఉన్న పని అక్కడికి ఎంత దూరంలో ఉందో చూడండి. సీ ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగుకు నాడీకణాలు 302. వాటి అల్లిక పటం 1986లోనే అచ్చయింది. అయినా ఆ పురుగు బతుకును పూర్తిగా నడిపి చూపే ప్రోగ్రాము ఈరోజుకీ లేదు.

అపోహ: చూసినప్పుడే కణం ఒక చోట స్థిరపడుతుంది. వీడియో గేమ్‌లో ఆటగాడు చూసే గోడను మాత్రమే గీసినట్టే ఇది.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే మాట ఇదే. తప్పంతా "చూడటం" అన్న పదంలో ఉంది. క్వాంటమ్ భౌతికంలో పరిశీలన అంటే మనిషి కన్ను కాదు, మనసు అంతకన్నా కాదు. కణం ఏ దారిన వెళ్లిందో తెలిపే జాడ పరిసరాల్లో ఎక్కడైనా మిగిలితే చాలు. వియన్నాలో 1999లో 60 కార్బన్ పరమాణువుల బంతుల్లాంటి అణువులతో తరంగాల చారలు రాబట్టారు. అణువు ఏ దారిన వెళ్లిందో జాడ మిగలకుండా, అలలా పలు దారుల్లో వెళ్లినప్పుడే అవి పడతాయి. 2004లో అక్కడే 70 కార్బన్ల అణువులను లేజర్‌తో వేడిచేసి వదిలారు. బాగా కాగిన అణువు దారిలో కాంతిని వెదజల్లుతుంది, ఆ కాంతి అది ఎక్కడుందో చెప్పేస్తుంది. వేడి పెరిగేకొద్దీ చారలు చెదిరిపోయాయి. ఆ కాంతిని ఎవరూ పట్టి చూడలేదు, చూడాల్సిన పనీ లేదు.

ఇక గేమ్‌తో పోలిక. గేమ్ గోడ వెనక ఏమీ లేకపోయినా నడుస్తుంది, ఎందుకంటే ఆటగాడు దాన్ని గీరి సూక్ష్మదర్శిని కింద పెట్టలేడు. మనం పెట్టగలం. 1987 ఫిబ్రవరి 23న జపాన్‌లోని కమియోకాండే పరికరంలో, ఎవరూ ఎదురుచూడని వేళ, కొన్ని సెకన్లపాటు న్యూట్రినోలు (దేన్నైనా దాదాపు తగలకుండా దాటిపోయే అతి తేలిక కణాలు) తగిలాయి. దాదాపు 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో ఒక నక్షత్రం పేలిందన్న సంగతి ఆకాశంలో వెలుగు కనిపించాకే మనుషులకు తెలిసింది. అప్పుడు వెనక్కి వెళ్లి టేపులు తిరగేస్తే, కాంతికన్నా కొన్ని గంటల ముందే వచ్చిన ఆ న్యూట్రినోలు అక్కడ నమోదై ఉన్నాయి. అమెరికాలోని మరో పరికరంలో కూడా అదే క్షణంలో. ఇన్ని చోట్ల ఇంత పొందిక కుదరాలంటే చూడని భాగాన్ని వదిలేయడం వల్ల లెక్క తగ్గదు. ఏది ఎప్పుడు ఎవరు తవ్వుతారోనని గుర్తుపెట్టుకునే భారం పెరుగుతుంది. కోడ్ రాసేవాడిగా ఇది నేను అనుభవంతో చెబుతున్నాను.

అపోహ: కాంతివేగం ప్రాసెసర్ హద్దు. దెజావూ (ఇది ఇదివరకే జరిగిందనిపించడం), వింత యాదృచ్ఛికాలు కోడ్‌లో దొర్లిన తప్పులు.

వాస్తవం: నా రన్‌లో ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకన్లు. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు, ఫెమ్టోసెకను అందులో పది లక్షలో వంతు. ఒక నానోసెకను గడవాలంటే 5 లక్షల అడుగులు పడాలి. మా జీపీయూ (ఇలాంటి లెక్కలు వేగంగా చేసే చిప్) మీద రోజుకు 100 నానోసెకన్లు నడిస్తే సంతోషిస్తాను. ఆ లెక్కన పెట్టెలో ఒక్క సెకను గడవడానికి బయట దాదాపు 27 వేల ఏళ్లు పడుతుంది. మధ్యలో కరెంటు పోతుంది. డిస్క్ నిండి రన్ ఆగుతుంది. రెండు రోజుల తర్వాత, చివరగా భద్రపరిచిన చోటినుంచి మళ్లీ మొదలుపెడతాను. లోపలి పరమాణువుకు ఆ రెండు రోజులు లేనే లేవు. దాని గడియారం నా అడుగులను లెక్కపెడుతుంది తప్ప నా గోడ గడియారాన్ని కాదు. కాబట్టి బయటి యంత్రం నెమ్మదించినా, ఆగినా లోపలివాళ్లకు తెలిసే దారి లేదు. కాంతివేగానికీ ప్రాసెసర్ వేగానికీ ముడిపెట్టడం అందుకే కుదరదు. దెజావూ మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన సంగతి, మూర్ఛ ఉన్న కొందరికి ఫిట్స్ ముందు వస్తుంది కూడా.

అపోహ: ప్లాంక్ పొడవు విశ్వపు పిక్సెల్.

వాస్తవం: అది కాంతివేగం, గురుత్వాకర్షణ వంటి ప్రకృతి స్థిరాంకాలను కలిపితే వచ్చే ఒక పొడవు, 1.6×10⁻³⁵ మీటర్లు. అక్కడ గళ్లు ఉన్నాయని ఎవరూ చూడలేదు. 2009 మే 10న 700 కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరం నుంచి వచ్చిన గామా విస్ఫోటనంలో అతి శక్తిమంతమైన ఫోటాన్ (కాంతి కణం) కూడా మిగతావాటితో ఒక సెకను తేడాలోపే చేరింది. స్థలం మామూలు గళ్ల కాగితంలా ఉంటే అది వెనకబడాల్సింది. 2012లో బీన్, దావూదీ, సావేజ్ అనే భౌతికవేత్తలు, గళ్లే ఉంటే అంతరిక్షం నుంచి వచ్చే అత్యధిక శక్తి కాస్మిక్ కిరణాల దిశల్లో ఆ ఆకారం కనబడాలని లెక్కగట్టారు. పరీక్షించదగిన మాట చెప్పారు, అది నాకు నచ్చింది. అలాంటి గుర్తు ఇంతవరకు దొరకలేదు.

అపోహ: సిమ్యులేషన్ కాదని 2017లో నిరూపణ అయిపోయింది.

వాస్తవం: అదీ కాలేదు. రింగెల్, కొవ్రిజిన్ అనే భౌతికవేత్తలు చూపింది, కొన్ని క్వాంటమ్ వ్యవస్థలకు మాంటే కార్లో అనే ఒక లెక్క పద్ధతి పనిచేయదని. దాన్ని పత్రికలు విశ్వానికంతటికీ అంటగట్టాయి. సిమ్యులేషన్ నడిపేవాళ్ల ప్రపంచపు భౌతిక నియమాలు మనవే కావాలన్న నియమం లేదు, కాబట్టి మన కంప్యూటర్ల ఖర్చుతో దీన్ని కొట్టిపారేయలేం.

అపోహ: మాయావాదం పేరుతో మనవాళ్లు ఎప్పుడో చెప్పిందే ఇది.

వాస్తవం: ఇది మనవాళ్లు ప్రేమతో అనే మాటే గానీ, శంకరులకు అన్యాయం చేస్తుంది. జగత్తు కలలాంటిదే కదా అన్న విజ్ఞానవాదుల (బయటి వస్తువులు లేవు, మనసులోని తెలివే ఉందనే బౌద్ధుల) వాదనను బ్రహ్మసూత్ర భాష్యంలో ఆయన ఖండించారు. "వైధర్మ్యాచ్చ న స్వప్నాదివత్" అన్న సూత్రం అక్కడిదే: మెలకువ కలలాంటిది కాదు, రెంటికీ స్వభావంలో తేడా ఉంది. అద్వైతంలో సత్యానికి మూడు మెట్లు: తాడును చూసి పామనుకోవడం ప్రాతిభాసికం (కనిపించినంతసేపే నిజం), ఈ లోకం వ్యావహారికం (రోజువారీ బతుక్కి నిజం), బ్రహ్మం పారమార్థికం (ఎప్పటికీ నిజం). సిమ్యులేషన్ వాదంలో బయట ఇంకో లోకం, అందులో ఇంకెవరిదో యంత్రం ఉంటాయి. అద్వైతంలో అడుగున ఉన్నది నీ ఆత్మే. రెంటినీ ఒకే గాట కడితే రెండూ అర్థం కావు.

అపోహ: ఇది సిమ్యులేషన్ అయితే ఎలా బతికినా ఒకటే. చుట్టూ ఉన్నవాళ్లు ఉత్త పాత్రలు కావచ్చు.

వాస్తవం: 2001లో రాబిన్ హాన్సన్ అనే ఆర్థికవేత్త, సిమ్యులేషన్‌లో ఉన్నామనిపిస్తే ఇతరుల గురించి తక్కువ పట్టించుకుని, ఈరోజు కోసం బతికి, చూసేవాళ్లకు వినోదంగా ఉండటం మేలని రాశాడు. నేను ఒప్పుకోను. నడిపేవాడి ఉద్దేశం తెలియకుండా వాడిని సినిమా ప్రేక్షకుడిగా ఊహించుకోవడమే అది. నేను ఒకే ప్రోటీన్‌ను పదిసార్లు నడుపుతాను, నాకు కావాల్సింది సగటు. ఏ పరమాణువైనా నన్ను మెప్పించి బాగుపడింది లేదు.

మిగతావాళ్లకు మనసు లేదన్న మాటకు బోస్ట్రామ్ వ్యాసంలోనే జవాబుంది. అలా ఒక్కరికే స్పృహ ఉన్న సిమ్యులేషన్లు, అందరికీ స్పృహ ఉన్నవాటికన్నా దాదాపు 10 వేల కోట్ల రెట్లు ఎక్కువ ఉంటే తప్ప, నువ్వు అలాంటి దాంట్లో ఉన్నావనుకోవడానికి ఆధారం లేదంటాడు. డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్త 2022లో ఇంకో వైపు నుంచి వచ్చాడు: సిమ్యులేషనే అయినా వస్తువులు నిజమైనవే, వాటి అడుగున ఉన్నది బిట్లు అన్నంత మాత్రాన అవి అబద్ధం కావు. ఇది నా పనికి సరిపోయే మాట. పెట్టెలో నీరు మరిగితే ఆ పెట్టెలోని ప్రోటీన్ విప్పుకుపోతుంది, నేను బయట ఉన్నానన్నది దానికి ఊరట కాదు.

పోయిన ఏడాది మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. "బాబాయ్, ఇదంతా కోడే కదా, సెమిస్టర్ ఎందుకు రాయడం?" అన్నాడు. గంటసేపు బోస్ట్రామ్ గురించి వాదించాను. అది నా పొరపాటు. ఎన్ని రోజులైంది నిద్రపోయి అని చాలా ఆలస్యంగా అడిగాను. మనుషులు గాజు పలక అవతల ఉన్నట్టున్నారని, తన చేతులు తనవి కానట్టున్నాయని అప్పుడు చెప్పాడు. అది తత్వశాస్త్రం కాదు. లోకం నిజం కానట్టు అనిపిస్తే డీరియలైజేషన్ అని, తన ఒళ్లే తనది కానట్టు అనిపిస్తే డీపర్సనలైజేషన్ అని అంటారు. ఆందోళన, నిద్రలేమి, గంజాయి దీన్ని తెచ్చిపెట్టగలవు. డాక్టరు దగ్గర దీనికి సాయం దొరుకుతుంది. మీకో, మీ ఇంట్లో ఎవరికో ఇలా ఉంటే వాదించకండి, సైకియాట్రిస్ట్‌కు చూపించండి, లేదా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

వాడు మూడు నెలల తర్వాత మా ఇంటికొచ్చి, నాకూ ఒక సిమ్యులేషన్ రాయడం నేర్పించు అన్నాడు. సూర్యుడు, భూమి, 30 లైన్లు. మొదట అందరూ రాసే తేలిక పద్ధతిలోనే రాశాడు. భూమి చుట్టు చుట్టుకీ కొంచెం కొంచెం బయటికి జరుగుతూ పోయింది. ఎందుకలా అని ఇద్దరం కాగితం మీద లెక్క వేస్తూ కూర్చున్నాం.